ఇద్దరికీ కుదిరిన పొద్దు

మా బావ పేరు చెబితే ఆ వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. బాయిలరాయన అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట రాత్రి షిఫ్టులో బాయిలరు చూసుకునేవాడు. తలనిండా జుట్టుతో చేరి, ఆ జుట్టంతా ఊడిపోయాక రిటైరయ్యాడు. ఆయనకి ఒక్కగానొక్క మరదల్ని నేను. ఆటపట్టించే హక్కు నాదే కాబట్టి ఆవిరి బావా అని పిలిచేదాన్ని. పిలిచినా సగం వినపడేది కాదు. ఏళ్ళ తరబడి ఆ రొదలో నిలబడి చెవులు మొద్దుబారిపోయాయి. పొగిడితే వినపడదు, తిడితే మాత్రం ఎంత మెల్లగా తిట్టినా వినపడుతుందని మా అక్క అనేది.

అక్కది దారం మిల్లులో పొద్దుటి షిఫ్టు. అంటే ఆయన ఇల్లు చేరే వేళకి ఈవిడ బయల్దేరాలి. కొత్త కాపురంలో ఇదేం ఖర్మ అని నేను ఏడ్చాను గానీ వాళ్ళు ఏడవలేదు. ఒక టీ తాగేంత సేపు దొరికేది వాళ్ళకి, అంతే. ఆ కాస్త సేపటికే ఓ పద్ధతి పెట్టుకున్నారు. బావ వచ్చి తలుపు తట్టేవాడు, అక్క తీసేది. ఇద్దరూ వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే టీ తాగేవాళ్ళు. తాగుతూ తాగుతూ అక్క ఇంటి సంగతులు అప్పగించేది. పాలు కాచాను, పిల్లకి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, పైవాళ్ళు నీళ్ళ మోటారు గురించి మళ్ళీ గొడవపడ్డారు, ఇలాంటివి. బాయిలరు దగ్గర ఒకరి నుంచి ఇంకొకరు డ్యూటీ తీసుకున్నంత శ్రద్ధగా బావ తల ఊపుతూ వినేవాడు. తర్వాత ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయేది, ఈయన ఆవిడ లేచిన పక్కమీద నడుం వాల్చేవాడు.

తలుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బావ జేబులో తాళంచెవి ఎప్పుడూ ఉండేది. అయినా అక్క ఇంట్లో ఉండగా ఒక్కనాడూ తనంతట తాను తీసుకుని రాలేదు. అది బాయిలరు గది పద్ధతి. లోపలివాడు ఆవిరి వదులుతూ ఉండొచ్చు కాబట్టి వచ్చినవాడు తట్టి ఆగాలి, లోపల డ్యూటీలో ఉన్నవాడే తలుపు తీయాలి. బావ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన తొందరపడి తోసుకువెళ్ళి చెయ్యంతా కాల్చుకున్నాడు. అది కళ్ళారా చూసిన దగ్గర్నుంచి, లోపల మనిషి ఉన్న ఏ తలుపూ ఈయన తీయడు. మా ఇంటికి వచ్చినా, తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, దగ్గి, తట్టి, గుమ్మం అవతల నిలబడి ఉంటాడు. మేమందరం నవ్వేవాళ్ళం. అక్క నవ్వేది కాదు. తను వచ్చి తీసేదాకా ఒక మనిషి రోజూ బయట ఆగుతున్నాడంటే ఆవిడకి అదో గౌరవం.

రిటైరయ్యాక పొద్దంతా మనదే అని ఇద్దరూ ఏళ్ళకేళ్ళు చెప్పుకున్నారు. ముందు మిల్లు అక్కని ఇంటికి పంపింది, తర్వాత ఆసుపత్రి బావని పంపింది. ఇక చూడాలి తమాషా. రాత్రంతా బావ కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. తెలతెలవారుతుండగా నిద్ర ముంచుకొచ్చి పడిపోయేవాడు. సరిగ్గా అప్పుడే అక్కకి మెలకువ వచ్చేది. ఆయన నిద్ర చెడుతుందని గిన్నె చప్పుడు కూడా కాకుండా మునివేళ్ళ మీద తిరిగేది. ఆయన లేచేసరికి ఈవిడకి కళ్ళు మూతలుపడేవి. డ్యూటీలు ఉన్న రోజుల్లో కనీసం టీ వేళకైనా మొహాలు చూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటూ అదీ లేదు. ఎప్పుడైనా ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉంటే ఈయన ఆవిడ వెనకాలే నిలబడి పొయ్యి మంట తగ్గించేవాడు, ఆవిడ పెంచేది. నా పొయ్యి జోలికి రావద్దని అక్క కసిరేది. పొద్దున్నే ఎడమొహం పెడమొహం.

వాళ్ళ అమ్మాయి అదే ఊళ్ళో బట్టల కొట్లో పనిచేస్తుంది. ఫోనులో వీడియోలు చూసి చూసి ఆరోగ్యం మీద పెద్ద పండితురాలైపోయింది. చీకటితోనే లేవాలి, గోరువెచ్చని నీళ్ళు తాగాలి, కళ్ళు మూసుకుని ఊపిరి తీసి వదలాలి, ఇద్దరూ కలిసి నడకకి వెళ్ళాలి అని బోధించి వెళ్ళింది. పిల్ల మాట కాదనలేక ఇద్దరూ మొదలుపెట్టారు. ఊపిరి తీస్తూ తీస్తూ అక్క కూర్చున్నచోటే గురక పెట్టేది. బావ ఒక కన్ను తెరిచి, బాయిలరు మీద ముల్లుని చూసినట్టు ఆవిడ ముక్కుపుటాలు చూస్తూ కూర్చునేవాడు. నడకకి వెళితే ఆయన వీధి చివర ఉండేవాడు, ఈవిడ ఇంకా నాలుగిళ్ళ అవతలున్న మా గేటు దగ్గరే ఉండేది. నవ్వకేం చేస్తాను, నవ్వాను.

కానీ ఒకరోజు అక్క నా దగ్గరికి వచ్చి, గ్లాసులో టీ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చుంది. ఏమైందే అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇన్నేళ్ళూ పొద్దున్నే ఆయన కోసం ఎదురుచూశానే. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటుంటే, ఎదురుచూడ్డానికి ఏమీ లేకుండా పోయింది" అంది.

ఈ మాట నేను బావ చెవిన వేశాను. గట్టిగానే వేశాను. మర్నాడు ఆయన ఇంకా వెలుగు రాకముందే చొక్కా తొడుక్కుని చప్పుడు లేకుండా బయటికి వెళ్ళిపోయాడు. వీధి చివర బస్సు ఆగేచోట బల్ల మీద కూర్చున్నాడు. బాగా తెల్లవారాక లేచి వచ్చి తలుపు తట్టాడు. అక్క కంగారుగా తీసి, ఎక్కడికి పోయారని అడిగింది. డ్యూటీకి అన్నాడు. అక్క ఆయన మొహం కేసి కాసేపు చూసి, లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

అంతే, అది రోజూ పద్ధతైపోయింది. పూర్వం ఇంటి సంగతులు ఒక్క అక్కే అప్పగించేది, ఇప్పుడు బావ కూడా బల్ల దగ్గరి కబుర్లు మోసుకొచ్చేవాడు. మొదటి బస్సు డ్రైవరుకి జలుబు చేసింది, కుంటి కుక్క పిల్లల్ని పెట్టింది, పేపరు అబ్బాయి సైకిలు మార్చాడు. టీ అయ్యాక ఆయన కాసేపు పడుకునేవాడు, ఈవిడ తీరిగ్గా తన పని చేసుకునేది. వీధిలో వాళ్ళు బాయిలరాయనకి బస్టాపులో ఉద్యోగమిచ్చారని నవ్వుకున్నారు. అమ్మాయి తల పట్టుకుంది. నేనూ ఊరుకోలేదు, జీతమెంత బావా అని అడిగాను. అయితే ఒకటి చూశాను. ఆయన వచ్చే వేళకి ముందు అక్క అద్దం దగ్గరికి వెళ్ళి జుట్టు సరిచేసుకునేది. ఆ వయసులో ఆ మొహంలో కళ చూస్తే నాకు అసూయ పుట్టేది. ఎవరేమనుకుంటేనేం, వాళ్ళిద్దరికీ కుదిరిన పొద్దు అది.

చలికాలం మొదట్లో ఒక రోజు బావ మామూలుగానే వెళ్ళాడు, మామూలుగానే తిరిగొచ్చాడు. తట్టాడు. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ తట్టాడు. అప్పుడు తనకేం అనిపించిందో తర్వాత నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. తెల్లవారాక పక్కమీద ఉన్న పాపాన ఏనాడూ పోని మనిషి, ఇవాళ్టికి కాస్త కునుకు పట్టినట్టుంది, పోనీలే పాపం అనుకున్నాడట. సంతోషపడ్డాడట కూడా. లేపడం ఇష్టంలేక మెట్ల మీద కూర్చున్నాడు. పై అంతస్తు ఆవిడ చెత్తబుట్టతో దిగుతుంటే పెదాల మీద వేలు పెట్టి, మెల్లగా వెళ్ళమ్మా, పడుకుంది అన్నాడు. మధ్య మధ్య లేచి, వేలి కణుపుతో మెల్లగా తట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తాళంచెవి జేబులోనే ఉంది.

మెట్ల మీదికి ఎండ వచ్చింది. పై అంతస్తు ఆవిడ ఎక్కడెక్కడికో వెళ్ళి తిరిగొచ్చి తలుపు దగ్గర ఆగింది. లోపల కుళాయి కట్టకుండా వదిలేసినట్టున్నారు, నేను దిగినప్పటి నుంచీ పోతూనే ఉందండీ అంది. బావకి ఆ చప్పుడు వినపడనే లేదు. ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు గానీ ఆ తలుపుకి పెట్టలేకపోయాడట. ఆవిడే తీసుకుని తలుపు తీసింది.

వంటిల్లు గుమ్మానికి ఆనుకునే ఉంటుంది. అక్క గట్టు పక్కన నేల మీద పడి ఉంది. టీ గిన్నె కుళాయి కింద పొంగిపోతోంది. అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి.

మెదడులో రక్తం గడ్డకట్టిందని చెప్పారు. కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. కాస్త ముందుగా తీసుకొచ్చి ఉంటే అని మొదలుపెట్టిన డాక్టరమ్మ, బావ మొహం చూసి ఆ మాట అక్కడితో మింగేసింది. మింగినా లాభం లేదు. తిట్టు వినపడినట్టే అదీ ఆయనకి వినపడింది. వీధిలో వాళ్ళ నోటికి అడ్డేముంది, జేబులో తాళంచెవి పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడట అని చెవులు కొరుక్కున్నారు. నేను ఒంటికాలి మీద లేచి నలుగురినీ కడిగేశాను. కానీ ఆయన లోపల ఆయన్ని తింటున్న దాన్ని నేనేం కడగగలను?

ఇంటికి తీసుకొచ్చాక నేను వెళ్ళి వాళ్ళతోనే ఉన్నాను. పొద్దుటి పనులన్నీ బావే చేసేవాడు, నన్ను వేలు పెట్టనిచ్చేవాడు కాదు. అక్కని పక్కకి తిప్పి వీపు తుడిచేవాడు, పళ్ళు తోమేవాడు, చెంచాతో టీ పట్టేవాడు, అది పెదవి చివర నుంచి కారితే తన చొక్కా అంచుతో అద్దేవాడు. జడ వేయడం రాక వంకర టింకరగా అల్లేవాడు. మంట విషయంలో ఆవిడతో పోట్లాడిన మనిషి, ఇప్పుడు ఆవిడ కనుబొమ్మ కదిలిస్తే చాలు మంట పెంచేవాడు. బయటికి వెళ్ళడం పూర్తిగా మానేశాడు. రాత్రీ పగలూ కూడా నిద్రలేదు. ఒకరోజు దొడ్లో బట్టలు ఆరేస్తూ, నాకేసి చూడకుండానే అడిగాడు.

"అది నన్ను పిలిచి ఉంటుందంటావా? నా పాడు చెవులకి వినపడలేదేమో. నేను తట్టిందైనా దానికి తెలిసి ఉంటుందా?"

స్పృహ ఉండదు బావా అలాంటప్పుడు అన్నాను. నీకెలా తెలుసు అన్నాడు. నిజమే, నాకేం తెలుసు. అక్కనే అడగాలి, అడగడానికి ఆయనకి ధైర్యం లేదు. అడిగినా చెప్పడానికి ఆవిడకి మాట లేదు.

మాట నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది. చిన్నపిల్లకి నేర్పినట్టు ఒక్కొక్క మాటా పలికించేది. నీళ్ళు అనడానికే అక్కకి నుదుటి మీద చెమట పట్టేది. అలా కొన్ని మాటలు తిరిగొచ్చాక, ఒక మధ్యాహ్నం బావ మందులకి వెళ్ళినప్పుడు, నేను అక్కకి తల దువ్వుతున్నాను. ఎవరో తలుపు తట్టారు. పై అంతస్తు ఆవిడ, గిన్నె తిరిగివ్వడానికి. ఆవిడ వెళ్ళాక చూస్తే అక్క ఇంకా తలుపు కేసే చూస్తోంది. బాగున్న ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"విన్నా" అంది. ఊపిరి తీసుకుంది. "అన్నీ... విన్నా. పిలిచా. నోరు... రాలేదు."

నేను దువ్వెన కింద పెట్టి దగ్గరికి వంగాను. అక్క ఇంకా ఏదో చెప్పాలని పెనుగులాడింది. "ఆయనకి" అని మాత్రం అని, వద్దన్నట్టు తల అటూ ఇటూ ఆడించింది. ఆ గుమ్మానికి ఇవతల ఆవిడ, అవతల ఆయన, మధ్యలో ఒక చెక్క. ఆ పొద్దంతా ఆవిడ ఆయన తడుతున్న చప్పుడు వింటూ పడుకుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళందరికీ తెలుసు. ఆ మాట మాత్రం నాలోనే ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి బావ అడిగేశాడు. పొద్దున్నే మొహం తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపేసి, ఆవిడ కళ్ళలోకి చూసి అడిగాడు. "ఆ రోజు నేను తట్టింది నీకు వినపడిందా?" నేను గుమ్మంలో టీ పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్క నావైపు చూడలేదు. ఆయన్నే చూసింది. చాలాసేపు కూడగట్టుకుంది. ఆయనకి వినపడాలని కాబోలు, మెడ నరాలు ఉబ్బేలా గట్టిగా పలికింది.

"లేదు. నిద్ర... పట్టేసింది."

అంత గట్టిగా అక్క అప్పటిదాకా పలకలేదు, ఆ తర్వాతా పలకలేదు. బావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఆ రాత్రి, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మొదటిసారేమో, తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. అక్క మేలుకుని ఆయన్ని చూస్తూ పడుకుంది. నేను లేచి వెళ్ళి దుప్పటి సర్దబోతే, ఆయన్ని లేపకని కళ్ళతోనే చెప్పింది.

చలి పోకముందే అక్క పోయింది. అమ్మాయి తన దగ్గరికి వచ్చెయ్యమంది, బావ వెళ్ళలేదు. ఇప్పుడు పొద్దున్నే మా ఇంటికి వస్తాడు. నేను టీ ఇస్తాను. గ్లాసు ముందు పెట్టుకుని, పొగ ఆరేదాకా దానికేసి చూస్తూ కూర్చుంటాడు. తర్వాత తల ఎత్తి, "పోనీలే, దానికేమీ తెలియలేదు కదా?" అంటాడు. ఒక్క రోజు కూడా తప్పకుండా అడుగుతాడు. నేను ఆయన కళ్ళలోకే చూస్తూ, తెలియలేదు బావా, నిద్రపోయింది అంటాను.

అది విన్నాకే గ్లాసు ఎత్తుతాడు.