దేవదానం మామకు చెప్పని తోడేలు

నిన్న పొద్దున ఇన్విజిలేషన్‌కు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. మా మామ కొడుకు.

"వదినా, నాయన పాయ" అన్నాడు.

నిద్రలోనే పోయాడట. టీ ఇద్దామని లేపితే లేవలేదట.

ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా గుమ్మంలో అట్లాగే నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒకటే ఆలోచన. అయ్యో, ఆయనకు ఆ సంగతి చెప్పనేలేదే!

మీలో చాలామందికి ఆయన తెలీదు. దేవదానం మామ. మా అమ్మకు సొంత తమ్ముడు. కోసిగి దగ్గర పల్లె. వానలు లేని ఏడాది ఊళ్లో సగంమంది పనులకు వలస వెళ్లినా, ఈయన మాత్రం గొర్రెల వెంట అక్కడే తిరిగాడు. నలభై ఏళ్లు. మోకాళ్లు మొరాయించాక మందను కొడుక్కి అప్పజెప్పాడు.

మామ అంటే ప్రశ్నలు. కిందటి చలికాలం మోకాలు చూపించుకోవడానికి కడపలో మా ఇంటికి వచ్చాడు. ఎక్స్‌రే తీసిన డాక్టర్‌నే పట్టుకుని "గొర్రెకు తీస్తే గూడా ఇట్లనే పడతాదా సార్?" అని అడిగాడు. బయట పేషెంట్ల క్యూ పెరిగిపోతోంది. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

అదే వారం మా కాలేజీ స్టాఫ్ గ్రూప్ టూర్. నందికొట్కూరు అవతల గడ్డి మైదానాల్లో రెండు రోజుల సఫారీ. మా ఆయనకు లీవ్ దొరకలేదు, సీటు ఖాళీ. మామను రమ్మన్నాను.

"ఏముంటాయి పాపా ఆడ?"

"కృష్ణజింకలు, నక్కలు. అదృష్టం బాగుంటే తోడేలు."

పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

"నలభై ఏండ్లు నా పిల్లల్ని ఎత్తుకపాయ అది. ఎప్పుడు జూసినా తోకే. మొగం ఒగసారన్నా చూల్లేదు నేను. చూడల్ల పాపా, దాని మొగం ఎట్లుంటాదో."

గొర్రెపిల్లలను ఆయన ఎప్పుడూ పిల్లలనే అనేవాడు.

బస్సులో అందరూ పులి లేని సఫారీ ఏం సఫారీ అని గొణుగుతుంటే, మామ ఒక్కడే కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాడు.

మొదటి సాయంత్రం. మూడు జీపులు. గంటన్నర తిరిగాక గైడ్ చెయ్యి ఎత్తాడు. దూరంగా గడ్డిలోంచి తోడేలు బయటికి వస్తోంది, పక్కకు తిరిగి. మా జువాలజీ సార్ మోచెయ్యంత లెన్స్ పైకెత్తాడు.

మామ లేచి నిలబడ్డాడు.

"హోయ్! హోయ్! హోయ్! దొంగదానా, నిలబడు!"

మందలో తోడేలు పడ్డప్పుడు అరిచే అరుపు అది. మూడు జీపులూ అదిరిపోయాయి. కృష్ణజింకలు కూడా పరుగు లంకించుకున్నాయి. తోడేలు మళ్లీ తోకే చూపించి వెళ్లిపోయింది.

"ఈయన్ని ఎవరండీ తీసుకొచ్చింది?" అన్నాడు జువాలజీ సార్.

నేను తల ఎత్తలేకపోయాను. అందరి ముందే "నోరు మూసుకుని కూర్చోలేవా మామా?" అన్నాను. ఆ నిమిషంలో ఆయన నా మామ అయినందుకు సిగ్గుపడ్డాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది.

మామ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నేను అరవల్లని అనుకోలే పాపా. గొంతే అరిసె."

అన్నాల దగ్గర ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. గైడ్ ఒక్కడే పక్కన కూర్చున్నాడు. ఇంకేముంది, ప్రశ్నలు మొదలు.

"ఏమప్పా, శానాసార్లు చూసింటావు గదా. అది మనిషిని చూసేటప్పుడు ముందు మొగం చూస్తాదా, చేతిలో కట్టె చూస్తాదా?"

గైడ్ తినడం ఆపి ఆలోచించాడు. "ఎప్పుడూ గమనించలేదు పెద్దాయనా" అన్నాడు.

మర్నాడు పొద్దున జీపు ఎక్కే వేళకు మామ రానన్నాడు. "మోకాళ్లు నొప్పి పాపా. మీరు పోయి రాండి."

నొప్పి కాదని నాకు తెలుసు. గొంతు మళ్లీ అరుస్తుందని భయం. నేను బలవంతం చెయ్యలేదు. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాను.

ఆ పొద్దున ఎడమవైపు కృష్ణజింకల మంద ఎగురుతూ పోతుంటే జీపులో అందరూ అటే తిరిగారు. ఎండ కళ్లలో పడుతోందని నేను కుడివైపుకు తిరిగాను.

తుమ్మపొద పక్కన నిలబడి ఉంది. దగ్గర్లోనే. నన్నే చూస్తోంది.

నేను ఎవరినీ తట్టలేదు. కాసేపటికి అది పొద వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

తిరిగొచ్చేసరికి మామ గేటు దగ్గరే ఉన్నాడు.

"వచ్చెనా?"

"లేదు పెద్దాయనా" అన్నారు జీపులోవాళ్లు. మామ నా వైపు చూశాడు.

"లేదు మామా" అన్నాను.

నా వల్ల ఆగిపోయిన మనిషికి, ఆయన చూడాలనుకున్నది నేను చూసొచ్చానని ఏ మొహంతో చెప్పేది?

మామ నవ్వాడు. "పోనీలే. ఇద్దరం ఒగసారే చూస్తాం. మళ్ల చలికాలం పోదాం పాపా. ఈ తూరి పండ్లు బిగబట్టుకోని కూచ్చుంటా."

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడు పోదామని అడిగేవాడు. చూద్దాం మామా, చూద్దాం మామా అంటూ వచ్చాను. నిన్న సాయంత్రం చర్చి వెనక ఆయన మీద మట్టి వేసి వచ్చాను.

మామా, ఆ రోజు అది వచ్చింది. నీకు అబద్ధం చెప్పాను. క్షమించు.

ముఖం మన మంద కుక్క ముఖంలాగే ఉంది, కాస్త సన్నం. చెవుల లోపల తెల్లటి వెంట్రుకలు. కళ్లు ఆముదం రంగు. ముక్కు మీద ఎప్పుడో మానిన గాటు ఒకటి. కోపంగా లేదు మామా. భయపడనూ లేదు.

ముందు నా చేతులే చూసింది.

వాటిలో ఏమీ లేదని తెలిశాక ముఖం చూసింది.

పోయి రా మామా. ప్రభువు దగ్గర నీకు నెమ్మది కలగాలి.