రంగులమ్మ రబ్బరు చేపలు

కార్ల షెడ్డులో ఆమెకు పెట్టిన పేరు రంగులమ్మ. ఇంట్లోనూ వీధిలోనూ కూడా అదే ఖాయమైపోయింది. ఇరవై రెండేళ్లు ఆమె చేసిన పని ఒకటే. సొట్టపడిన తలుపో, గీత పడిన బానెట్టో వస్తే, దాని పాత రంగుకు సరిగ్గా సరిపోయే కొత్త రంగు కలిపి కొట్టడం. మనకు తెలుపంటే ఒకటే తెలుపు. ఆమెకు ముప్ఫై తెలుపులు. మూడేళ్లు ఎండలో నిలబడ్డ తెలుపు వేరు, చెట్టు కింద నిలబడ్డ తెలుపు వేరు. తలుపును ఒకసారి ఎండలోకి, ఒకసారి నీడలోకి తిప్పి చూసి, డబ్బాలో పసుపు ఒక చుక్క, నలుపు సూదిమొనంత వేసి కలిపేది. ఆరాక ఏది పాత రంగో, ఏది కొత్తదో కారు యజమానికి కూడా తెలిసేది కాదు.

అలాంటి షెడ్డుకు ఒకరోజు రంగులు చదివే మెషీను వచ్చింది. కారుకు ఆనిస్తే చాలు, ఏ రంగు ఎంత కలపాలో చీటీ కొట్టి ఇస్తుంది. షెడ్డు ఓనరు మంచివాడు. నాలుగు నెలలు నాన్చి నాన్చి చివరికి తల గోక్కుంటూ ఇక ఆమెకు పని లేదన్న విషయం చెప్పాడు. రంగును సన్నటి తుంపరగా చిమ్మే, ఆమె రోజూ పట్టే ఎయిర్‌బ్రష్షునూ, దానికి గాలి పంపే బుల్లి కంప్రెసరునూ బట్టలో చుట్టి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇది నీకు తప్ప ఎవరికీ లొంగదు. తీసుకుపో" అన్నాడు.

ఇంటికైతే వచ్చింది గానీ రంగులమ్మ చేతులు ఊరుకుంటేనా? మొదటి వారం స్టూళ్లకు రంగు పడింది. రెండో వారం పూలకుండీలకు. మూడో వారం గొడుగు కర్ర దాకా వచ్చేసరికి అత్తగారు తన చేతికర్రను మంచం కిందికి తోసేసి, "అమ్మాయ్, ఈ ఇంట్లో రంగు పడనిది ఇక నేనొక్కదాన్నే. నా జోలికి రాకు" అంది.

ఆ అత్తగారు నలభై ఏళ్లు బజార్లో చేపలమ్మిన మనిషి. కొడుకేమో, అంటే రంగులమ్మ భర్త, నాలుగు రోడ్ల కూడలిలో చిన్న బంకు పెట్టుకుని తాళంచెవులు చేస్తాడు. ఆదివారం వస్తే చాలు, గేలపు కర్ర భుజాన వేసుకుని ఊరవతల పెద్ద చెరువుకు పోతాడు. మధ్యాహ్నానికి ఖాళీ సంచితో తిరిగొస్తాడు. గుమ్మంలో కూర్చున్న తల్లి ఆ సంచిని చూసి, "ఏ తాళమైనా తెరుస్తాడు నా కొడుకు. చేప నోరు మాత్రం తెరిపించలేడు" అనేది.

ఒక ఆదివారం ఆ మాట విని ఆయనకు ఒళ్లు మండింది. "తప్పు నాది కాదమ్మా, ఎరలది" అంటూ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. వేలెడేసి రబ్బరు చేపలు జారిపడ్డాయి. మెత్తగా ఉన్నాయి. తల పట్టుకుని కదిపితే తోకలు అచ్చం చేపల్లాగే ఆడుతున్నాయి. రంగులు చూస్తే మాత్రం ఒకటి నారింజ, ఒకటి గులాబీ, ఇంకొకటి చిలకపచ్చ మీద మెరుపుల పొడి.

రంగులమ్మ ఒకదాన్ని ఎత్తి చూసి ఫక్కున నవ్వింది. "ఏవండీ, ఇవి చేపలా, సర్కస్ జోకర్లా? వీటిని చూస్తే చేపలు తినవు, చప్పట్లు కొడతాయి."

"అంత తెలిసినదానివి నువ్వే వెయ్యి రంగు!"

ఆయన ఉడుక్కుని అన్నాడు. ఆమెకు మాత్రం అది ఆర్డరులాగే వినిపించింది.

గేలాల కొట్టులో రంగు వెయ్యని రబ్బరు చేపలు దొరుకుతాయి, గంజిలా పల్చటి తెలుపులో. మర్నాడే ఒక సంచెడు తెప్పించుకుంది. మొదట కారు రంగే కొట్టింది. అద్దంలా వచ్చింది. ఆరాక తోక వంచి చూస్తే రంగంతా పెళ్లలు పెళ్లలుగా ఊడి ఒళ్లో పడింది. కారు తలుపు వంగదు. ఈ చేపకు వంగడమే పని. రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ టక్కున ఆగిపోయింది. రెక్సిన్ సీట్లకు కొట్టే రంగు! దాని మీద మనుషులు కూర్చుంటారు, లేస్తారు, పిల్లలు గెంతుతారు, అయినా బీటలివ్వదు. నోట్లో నురగతోనే "దొరికింది!" అని కేక పెట్టింది.

"అసలేం పోయిందే?" అంది అత్తగారు కంగారుగా.

రబ్బరుకు జిడ్డు ఉంటుంది కనక ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టింది. కిటికీలు బార్లా తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని రెక్సిన్ రంగు కొట్టింది. ఈసారి రంగు తోకతోపాటే వంగింది, తోకతోపాటే మెలితిరిగింది, రవ్వంత కూడా రాలలేదు. ఇక ఆమెకు పట్టపగ్గాలు లేవు. బజారు నుంచి చిన్న చేపలు తెచ్చి పళ్లెంలో పెట్టుకుని, వాటిని చూస్తూ వేసింది. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట. పాత దోమతెర ముక్కను ఒంటికి బిగించి పైనుంచి వెండి రంగు కొట్టి, తెర తీసేస్తే వరసలు వరసలుగా పొలుసులు. భర్త చూసి నోరెళ్లబెట్టాడు. ఆదివారం ఈలవేసుకుంటూ వెళ్లాడు. ఈల లేకుండా తిరిగొచ్చాడు.

"ఒక్కటీ దగ్గరికి రాలేదు" అన్నాడు నెమ్మదిగా, ఆమె ఎక్కడ నొచ్చుకుంటుందో అని.

రంగులమ్మ ముఖం చిన్నబోయింది. అత్తగారు చెయ్యి చాపింది. "ఇటు తే." కిటికీ దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పనితనానికి వంక పెట్టక్కర్లేదు. అచ్చం చేపే."

"మరెందుకు రాలేదంటారు?"

"చచ్చిన చేప కనక. మిట్టమధ్యాహ్నం నా బుట్ట అడుగున మిగిలే సరుకు ఇది. ఈ కన్ను చూస్తే నేనే కొనను, చెరువులో చేప కొంటుందా?"

కోపం రావాల్సిన చోట రంగులమ్మకు నవ్వొచ్చింది. "అయితే బతికున్న చేప ఎలా ఉంటుంది అత్తయ్యా?"

ముసలామె చెప్పబోయి ఆగింది. "నోటితో చెప్పేది కాదది. రేపు పద" అంది.

మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె చెరువు మొహం చూసి ఆరేళ్లయింది. పొద్దున్నే ఇద్దరూ ఆటోలో వెళ్లారు. ముసలామె చీర ఎగదోపుకుని, కోడలి భుజం పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. పాత తువ్వాలు నీళ్లలో పరిచి, ఊపిరి బిగబట్టి నిలబడి, ఒక్క ఊపున పైకెత్తింది. అయిదారు చేపపిల్లలు పడ్డాయి. వాటిని నీళ్లు నింపిన గాజు సీసాలో వేసి, సీసా వెనక తన వేలు పెట్టింది.

"చేపను చూడకు. దాని వెనక ఏముందో చూడు."

రంగులమ్మ వంగి చూసింది. చేప ఒంట్లోంచి అత్తగారి వేలు కనబడుతోంది! వీపు మీద మాత్రం సన్నగా నాచురంగు గీత. పక్కల అసలు రంగే లేదు. మళ్లినప్పుడు ఒక్క మెరుపు, అంతే. పచ్చగడ్డి పక్కన పెడితే పచ్చగా, ఆకాశానికి పడితే నీలంగా ఉంది. మొప్పల దగ్గర లోపలి నెత్తురు గులాబీగా తొంగిచూస్తోంది.

"మా నాన్న పడవలో వల ఎత్తగానే ఇలాగే ఉండేవి" అంది ముసలామె. "బుట్టలోకి వచ్చేసరికి ఇదంతా పోయేది. నేను నలభై ఏళ్లు అమ్మింది ఇది పోయిన చేపల్నే." అలా అంటూనే నీళ్లలో చతికిలబడి కూర్చుంది. ఎంత పిలిచినా లేవదు. "ఉండవే, ఇక్కడ మోకాళ్లు నొప్పెట్టడం లేదు!"

చూడ్డం ఒకెత్తు, వెయ్యడం ఒకెత్తు. ఇన్నాళ్లూ రంగులమ్మ నేర్చింది కింద ఉన్నది కనబడకుండా కప్పెయ్యడం. ఇప్పుడు కనబడేట్టు వదిలెయ్యాలి. చెయ్యి మాట వినలేదు. ఎయిర్‌బ్రష్షు మీట నొక్కితే గాలి, కాస్త వెనక్కి లాగితే రంగు. ఆ కాస్తను సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసింది. వీపు మీద మంచు పట్టినట్టు పచ్చ. పక్కలకు ముత్యపు పొడి కలిపిన పల్చటి రంగు ఒకే ఒక్క పొర. వెలుగుకు పడితే తప్ప కనబడని పొలుసులు. మొప్ప దగ్గర కొట్టిందో లేదో అన్నంత గులాబీ. ముప్ఫై చేపలు పాడయ్యాయి. ముప్ఫై ఒకటో దాన్ని నీళ్ల గిన్నెలో వేసి, వంటగది గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు గిన్నె ముందు నిలబడి ఉంది. ఎడమ చేత్తో చేపను ఎత్తి, కుడి చేతి బొటనవేలితో మొప్ప తెరవబోతోంది, తాజాదో కాదో చూద్దామని. గోరు జారింది. విసుక్కుని మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. అప్పుడు వెలిగింది ఆమెకు. మెల్లగా తలెత్తి కోడలి వైపు చూసింది.

"నన్నే బోల్తా కొట్టించావు కదే!" అంది. ఇద్దరూ గట్టు పట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

ఆదివారం ముగ్గురూ చెరువుకు వెళ్లారు. "మొదటిది నీ చేత్తోనే" అంటూ భర్త గేలపు కర్ర ఆమెకే ఇచ్చాడు. ఆమె జన్మలో గేలం పట్టలేదు. బలంకొద్దీ విసిరితే ఆరడుగుల దూరంలో, నాచు పక్కనే పడింది.

"అంత దగ్గర ఏముంటుంది? లాగేసి మళ్లీ వెయ్యి" అన్నాడాయన.

ఆమె లాగింది. రబ్బరు చేప తోకాడిస్తూ నాచు పక్కనుంచి కదిలింది. అంతే, నీళ్లు భళ్లున లేచాయి. కర్ర విల్లులా వంగింది.

"లాగవే!" అంది తల్లి.

"లాగకు, వదులు!" అన్నాడు కొడుకు.

"ముందు మీ ఇద్దరూ ఒక మాట మీదికి రండి!" అని అరుస్తూ రంగులమ్మ కర్రను పొట్టకు అదుముకుని వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కింది. ఆమె వెనకాలే మూరెడు చేప కూడా గట్టెక్కింది. భర్త అమాంతం దాని మీద పడి రెండు చేతులా ఒడిసిపట్టాడు. ఆమె ఎరను మాత్రం తీయించుకుని, ఎండకు పట్టి, వంచి, మెలిపెట్టి చూసింది.

"ఊడలేదండీ! పంటిగాట్లు పడ్డాయి గానీ రంగు ఊడలేదు!"

"చేపను చూడవే తల్లీ, చేపను!" అని మొత్తుకున్నాడాయన, ఒళ్లంతా బురదతో.

ఇంటికి దగ్గరి దారి ఉండగా అత్తగారు అందర్నీ చుట్టు తిప్పి బజారు మీదుగా నడిపించింది. మోకాళ్ల సంగతే మరిచిపోయింది. చేపలమ్మే పాత స్నేహితురాళ్ల ముందు ఆగి ఆగి, "మావాడు కాదు, మా కోడలు పట్టింది" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది.

బజార్లో మాట గేలాల కొట్టుకు చేరడానికి ఎంతసేపు? కొట్టాయన వచ్చి, చూసి, డజను పట్టుకెళ్లి అద్దాల బీరువాలో పెట్టాడు. వారం తిరక్కుండా ఖాళీ బీరువా చూపించడానికి ఆమెను కొట్టుకే పిలిపించాడు. ఇప్పుడు వాళ్ల ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తీగ, తీగకు క్లిప్పులు, క్లిప్పులకు చేపలు. కిటికీలోంచి గాలి వీస్తే మంద మొత్తం ఒక్కసారిగా తోకలాడిస్తుంది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి మరీ వెళ్తారు. భర్త సంచి ఇప్పటికీ నెలకు మూడు ఆదివారాలు ఖాళీయే. ఎరల మీద నెపం పెట్టే దారి మూసుకుపోయింది కనక గాలి బాలేదంటున్నాడు.

మొన్న దూరపు ఊరి నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. వాళ్ల నదిలో తోక మొదట్లో నల్లమచ్చ ఉండే చిన్న చేప ఉందట, అది కావాలట. ఫోటో కూడా పంపారు. రంగులమ్మ ఫోటోను పెద్దది చేసి చూస్తూ, మచ్చ అంచు ముదురా, లేతా అని తేల్చుకోలేక, "మీరేమంటారు అత్తయ్యా?" అంటూ తలెత్తింది.

మంచం ఖాళీ. ముసలామె అప్పటికే చెప్పులు వేసుకుని, చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఫోటోలో ఏం తెలుస్తుందే? ఆ ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కో."