వినకుండా పెట్టిన సంతకం చెల్లదు

అర్జీల పెద్దమ్మకు రోజుకో అర్జీ రాయనిదే ముద్ద దిగదు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచి ఇదే పని. లిఫ్టు నెమ్మదిగా వెళ్తోందని ఒకటి, దాన్ని బాగుచేశాక మరీ వేగంగా వెళ్తోందని ఇంకొకటి. వీధి మొదట్లో ఆవిడ చేతిసంచీ కనబడితే చాలు, పెద్దపెద్ద వాళ్ళు మొహం చాటేసి సందులోకి తిరిగిపోయేవారు.

ఆవిడ చెల్లెలు నర్సు. అక్క కాగితాల మీద సంతకాలు పెట్టి పెట్టి, ఒకసారి ఆసుపత్రిలో జ్వరం పట్టిక కింద కూడా ‘పూర్తిగా సమర్థిస్తున్నాను’ అని రాసి చీవాట్లు తింది.

ఇంతలో దేశం మొత్తానికీ ఒకే చదువు ప్రమాణం వచ్చిపడింది. మూడో తరగతి పిల్లలు ఎక్కడివాళ్ళయినా నిమిషానికి ఎనభై మాటలు చదవాలి, లేకపోతే మళ్ళీ మూడే. నర్సు గుండె జారిపోయింది. ఆమె కూతురు ముప్పై దాటదు, అదీ పక్కన ఎవరూ లేకపోతేనే. పెద్దమ్మకు మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చింది.

“మన పిల్లల నాలుక ఎంత వేగంగా తిరగాలో ఎక్కడో కూర్చుని వాళ్ళు చెప్తారా? ఇల్లిల్లూ తిరుగుతాను. పాపను నాతో పంపించు.”

“అదెందుకక్కా?”

“కళ్ళజోడు మర్చిపోయాను. అర్జీ ఎవరు చదువుతారు?”

మొదటి గుమ్మం పిండిమిల్లు ఆయనది. పాప ఒక్కో మాటకీ పెద్దమ్మ చాటుకు నక్కడంతో నాలుగు వాక్యాలకు ఏడు నిమిషాలు పట్టింది. రెండో వాక్యం దగ్గరే ఆయన సంతకం గీకేసి లేవబోయాడు. పెద్దమ్మ దాన్ని కొట్టేసింది.

“వినకుండా పెట్టిన సంతకం చెల్లదు. కూర్చోండి.”

ఆయన కూర్చున్నాడు. లోపల పాలు పొంగిపోయాయి.

“నలుగురి ముందూ దాన్ని నిలబెట్టి పరువు తీస్తున్నావు,” అని నర్సు ఆ రోజే మండిపడింది.

“రేపూ కళ్ళజోడు మర్చిపోయేలాగే ఉన్నాను,” అంది పెద్దమ్మ.

పైగా వారానికోసారి అర్జీ మొత్తం తిరగరాసేది. ఎందుకని అడిగితే, భాషలో పస చాలడం లేదనేది.

మూడు నెలల్లో నూట నలభై గుమ్మాలయ్యాయి. చివరికి అర్జీ తీసుకోవడానికి విద్యాధికారి బడికి వచ్చాడు. హాలు నిండిపోయింది. పెద్దమ్మ సంచీ తడుముకుంటూ “కళ్ళజోడు...” అనగానే జనమంతా “మర్చిపోయారు” అన్నారు. పాప లేచి గుక్కతిప్పుకోకుండా చదివేసింది.

అధికారి గడియారం చూసుకున్నాడు. “నిమిషానికి తొంభై. ఇంకా అభ్యంతరం దేనికండీ?”

“దీనికి మూడు నెలలు పట్టిందండీ. ఇంతమంది విన్నారు, ఒక్కరూ గడియారం చూడలేదు. మీరే చూశారు.”

పిండిమిల్లు ఆయన పైకప్పు వైపు చూశాడు. అధికారి గడియారమున్న చెయ్యి బల్ల కిందకి దించుకుని, పరీక్ష ఏడాది వాయిదా వెయ్యమని పైకి రాస్తానన్నాడు.

మర్నాడు నర్సు ఆ సంచీ ఉతుకుదామని దులిపింది. శుభ్రంగా తుడిచిన కళ్ళజోడు పడింది. దాని వెనకే పన్నెండు అర్జీలు పడ్డాయి. మొదటిది ఇలా ఉంది: ‘బడి మాది. పాప మాది. ఆట కావాలి. మాట కావాలి.’ వారం వారం మాటలు ఒక్కో పిసరు బరువెక్కుతూ పోయాయి. నర్సు నేలమీదే కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కళ్ళజోడును మళ్ళీ సంచీ అడుగున పెట్టేసింది.

సాయంత్రం పెద్దమ్మ లిఫ్టు గురించి కొత్త అర్జీతో దిగింది. వెనక మూడో అంతస్తు పిల్లవాడు బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

“పాప వద్దులే, దాని వేగం జనానికి అందడం లేదు. వీడు చదువుతాడు.”

“కళ్ళజోడు మర్చిపోయావా అక్కా?”

“మర్చిపోయాను.”

నర్సు అలవాటుగా కలం తీసింది. మళ్ళీ జేబులో పెట్టేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చదువు నాన్నా. నాకేం తొందర లేదు.”