గేటు కాడ బీబీజాన్

బీబీజాన్ అనుమానించని మనిషి జమ్మలమడుగులో లేడు. అద్దంలో చూసుకునేటప్పుడు కూడా "ఎవరు మేయ్ నువ్వు?" అన్నట్టే చూస్తుందని ఆమె మొగుడు ఫకీర్ సాహెబ్ చెప్పేవాడు. ఆయనతో ఆ మాట ఎవరు అనిపించారోనని ఆమె ఆయన్నీ అనుమానించేది.

ఆడపిల్లల హైస్కూల్లో ఆమె ఆయా. గంట కొట్టడం, గదులు ఊడ్వడం ఆమె పని. గేటు కాపలా ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. పుట్టింది పులివెందుల, మెట్టింది జమ్మలమడుగు. జీపుల్లో తిరిగే మనుషుల్నీ, వాళ్ల కాళ్ల కింద నాటుబాంబుల గోతాల్నీ చిన్నప్పటినుంచీ చూసింది. అందుకని గేటు దాటే ప్రతి సంచీ ఆమె ముందు విప్పాల్సిందే.

పదో తరగతి పెంచలమ్మకు ఆ సంగతి సంగటి వల్ల తెలిసింది. పెంచలమ్మది పెద్దముడియం దగ్గర పల్లె, ఉండేది జమ్మలమడుగు హాస్టల్లో. ఒక సోమవారం ఇంటినుంచి నేరుగా బడికొస్తూ వాళ్లమ్మ కట్టిచ్చిన మూట తెచ్చింది.

"మూటలో ఏముండాది?"

"సంగటి అత్తా."

"ఇంత గుండ్రంగా ఎందుకుండాది?"

"సంగటి గుండ్రంగానే ఉంటాది కదత్తా."

"బాంబు కూడా అట్లనే ఉంటాది."

బీబీజాన్ మూట విప్పి, చీపురుపుల్లతో నాలుగువైపులా పొడిచింది. పుల్లకంటుకున్నది నాలుకమీద వేసుకుని, కాసేపు ఆలోచించి, "ఉప్పు తక్కువ, పో" అని వదిలింది.

ప్రొద్దుటూరు నుంచి తనిఖీకొచ్చిన ఆఫీసరునైతే అసలు జీపు దిగనివ్వలేదు.

"ఏ పార్టీ?"

"నాకు పార్టీ ఏంటమ్మా? నేను గవర్నమెంటు."

"గవర్నమెంటు ఏ పార్టీది?"

హెడ్‌మిస్ట్రెస్ సరస్వతి టీచరు పరుగెత్తుకొచ్చి గేటు తీయించింది. ఆయన తనిఖీ చేసినంతసేపూ బీబీజాన్ ఆయన జీపును తనిఖీ చేసింది.

పిల్లలందరూ నవ్వారు. పెంచలమ్మ మాత్రం నవ్వలేకపోయింది. జీపు చప్పుడు వింటే చాలు, ఆ పిల్లకు పుస్తకంలో ఒకే వాక్యం పదిసార్లు చదివినా తలకెక్కేది కాదు. ఊళ్లో ఎలక్షన్ల గొడవలు అప్పుడే మొదలయ్యాయి. నాయన వెంకటేశుకు అరవై గొర్రెలు. గొర్రెలకు పార్టీలు తెలియవు. అవి ఎవరి చేలో దిగితే వాళ్లు ఆయన్ని ఎదుటి పార్టీ మనిషి అనేవాళ్లు. పొద్దున గొర్రెల్ని తోలుకుపోయిన మనిషి సాయంత్రం వస్తాడో రాడోనని హాస్టల్లో కూర్చుని ఈ పిల్ల ఎదురుచూసేది. చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అన్నం మాత్రం సగం వదిలేసేది.

లెక్కల పరీక్ష రోజు గేటు దాకా వచ్చి పెంచలమ్మ ఆగిపోయింది. బెల్లుకు ఇంకా పావుగంట. ఊపిరి ఆడదు. బీబీజాన్ కళ్లు చిన్నవయ్యాయి.

"ఏందో దాస్తాండావు మేయ్. తీయి."

"ఏం లేదత్తా."

"ఉండాది. వణుకుతాండావు. తీయి."

పెంచలమ్మ ఏడ్చేసింది. "భయమత్తా! మా ఊరి దారిలో బాంబులేసినారంట. మా నాయన ఆడనే గొర్రెలు మేపేది."

బీబీజాన్ ఓదార్చలేదు. గేటు కడ్డీ పట్టుకుని, ఎవరో కొత్త మనిషిని నిలదీసినట్టు మొదలుపెట్టింది.

"ఎవరు చెప్పినారు?"

"శెనక్కాయల బండాయన."

"ఆయప్ప చూసినాడా?"

"లేదు. ఎవరో చెప్పినారంట."

"ఆ ఎవరో చూసినాడా?"

"తెలీదు."

"మీ నాయనకు దెబ్బ తగిలిందని ఎవురన్నా అన్నారా?"

"లేదు. అది నేనే అనుకున్నా."

"ఊరూ పేరూ లేందాన్ని నేను ఈ గేటు దాటనీను. నువ్వేమో ఏకంగా కడుపులోనే పెట్టుకున్నావు! ఆ భయాన్ని ఈడనే నిలబెట్టు. నేను చూస్కుంటా. ఊపిరి మెల్లగా వదులు. ఇంగోసారి. ఆఁ. పో, లెక్కలు చెయ్యి. అనుమానపడేది నా పని, నీది కాదు."

లోపల మొదటి పది నిమిషాలు అంకెలు అలుక్కుపోయాయి. పెంచలమ్మ ప్రతి భయాన్నీ 'ఎవరు చెప్పినారు?' అని అడిగింది. ఒక్కటీ సరిగ్గా జవాబు చెప్పలేదు. మెల్లగా పెన్ను కదిలింది.

బయటికొచ్చేసరికి బీబీజాన్ గేటు దగ్గరే ఉంది. "పేలింది బండల లారీ టైరంట. మీ నాయన బాగుండాడు."

"నీకెట్ల తెలుసత్తా?"

"నా మీదే అనుమానమా?" అంటూ గంట కొట్టడానికి పోయింది.

పరీక్షలన్నీ అయ్యాక కూతుర్ని తీసుకుపోవడానికి వెంకటేశు మొదటిసారి ఆ బడికి వచ్చాడు. ఆయన పేరు చెప్పకముందే, భుజం మీది తువ్వాల చూసి బీబీజాన్ మొదలుపెట్టింది.

"ఏమప్పా వెంకటేశూ, దగ్గు తగ్గిందా? కాలిరిగిన గొర్రెకు కట్టు కట్టినావా? కాలవ గట్టున మేపొద్దని నీ పెండ్లాం చెప్తే వినవంటనే?"

వెంకటేశు కూతుర్ని పక్కకు లాగి గుసగుసలాడాడు. "మేయ్, ఈమె ఎవరి మనిషి? నా మీద నిఘా ఎవరు పెట్టినారు?"

పెంచలమ్మకూ అర్థం కాలేదు. అంతలో పెద్దముడియం బస్సు గేటు ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు మౌలాలి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "బీబక్కా, ఈ దినం ఎవరి సంగతి చెప్పల్ల?" అని అరిచాడు.

అసలు కథ ఆయనే చెప్పాడు. నాలుగు నెలలుగా ఆమె దినామూ రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సాపుతోంది. హాస్టల్లో ఉండే ఒక్కో పిల్ల అమ్మానాయన ఎట్లున్నారో అడుగుతుంది. చెప్పకపోతే దారి వదలదు. "వెంకటేశును చూసినానంటే చాలదప్పా, కూర్చోనుండాడా నిలబడుండాడా, ఏ రంగు తువ్వాల అని అడుగుతాది. ఇయన్నీ చూసి ఈమెకు చెప్పేదానికి నేను బస్సు మెల్లగా తోలాల్సొస్తాంది!"

"ఈ పిల్ల దినామూ అన్నం సగం వదిలేస్తాందని వంటామె చెప్పింది," అంది బీబీజాన్, ఎటో చూస్తూ. "ఎందుకా అని అనుమానమొచ్చింది. అంతే."

వెంకటేశు రెండు చేతులూ జోడించాడు. "తెలీక నిన్ను అనుమానించినానక్కా."

ఆమె ముఖం మొదటిసారి విప్పారింది. "మంచి పని చేసినావు! అట్లుండాల మనిషంటే. ఇంగ నీ గురించి నాకు భయం లేదు."

పెంచలమ్మ ఫక్కున నవ్వింది. నాలుగు నెలల తర్వాత కూతురి నవ్వు విన్న వెంకటేశుకు ఎందుకో అర్థం కాకపోయినా, తనూ నవ్వాడు.

ఇద్దరూ బస్సెక్కారు. మౌలాలి గేరు వేశాడు. బీబీజాన్ బస్సు ముందునుంచి కదల్లేదు.

"బ్రేకులు చూసుకున్నావా?"

"చూసుకున్నానక్కా!"

"నువ్వు చూసుకునేది ఎవరు చూసినారు?"