మెడలో నాలుగు బియ్యపు గింజలు

విసురువల వెయ్యడంలో కనకాలపేట జేవియర్‌కి పేరుంది. చెరువు గట్టు మీద నిలబడి విసిరితే వల గొడుగులా విచ్చుకుని, అంచున ఉన్న సీసపు గుళ్ళన్నీ ఒక్కసారే నీళ్ళలో పడేవి. వీరభద్రరావు రొయ్యల చెరువులు చూసేది అతనే. రొయ్య ఏ సైజుకొచ్చిందో, పెంకు గట్టిపడిందో లేదో, వలలో పడ్డవాటిని చూసి చెబుతాడు.

అలాంటివాడి వల ఆ ఉదయం మూటలా దభీమని పడింది. కుడిచెయ్యి వదల్లేదు. అన్నం ముద్ద పట్టినట్టు ఐదువేళ్ళూ కూడుకుని, బొటనవేలు లోపలికి పోయి, మణికట్టు వంగి బిగుసుకుంది. ఎడమచేత్తో లాగినా రాలేదు.

"పెంకు చూడమంటే చెయ్యి చూపిత్తన్నావేంటయ్యా?" అన్నాడు వీరభద్రరావు. నవ్వుతూనే అన్నాడు. ఆ వెంటనే ఫోన్ తీసి, వల వేసే మనిషి కావాలని మెట్టకూరులో ఎవరికో చెప్పాడు. జేవియర్ పక్కనే ఉండి అంతా విన్నాడు. ఇంకో పని దొరక్కపోదు. కానీ వల వెయ్యని జేవియర్ ఎలా ఉంటాడో అతనికే తెలీదు.

అతనికి థైరాయిడ్ గ్రంథి తీసేసి ఎన్నాళ్ళో కాలేదు. థైరాయిడ్ మాత్ర కాక ఇంకో రెండు రాసిచ్చారు: సుద్దముక్కలాంటి కాల్షియం బిళ్ళ, కందిగింజంత క్యాప్సూల్. ఈ మధ్య పెదాల చుట్టూ చిమచిమ, వేళ్ళ చివర తిమ్మిరి మొదలయ్యాయి. కాల్షియం తగ్గిందని తనే తేల్చేశాడు. అందులో తప్పులేదు. తప్పంతా వైద్యంలో ఉంది, అది చెరువు వైద్యం. రొయ్య పెంకు మెత్తబడితే నీళ్ళలో మినరల్ ఎక్కువ చల్లుతారు. జేవియర్ కూడా బిళ్ళలు రెట్టింపు చేశాడు. క్యాప్సూల్ ఏదో బలం విటమినని మానేశాడు. భార్య సుమ అడ్డుపడితే, రొయ్యల్ని బతికించేవాడికి నువ్వు చెబుతావా అని నోరు మూయించాడు. ఈ రోజు మాత్రం ఆమె ఊరుకోలేదు. స్కూటీ తనే నడుపుతూ అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయింది. దారిలో చెయ్యి దానంతటదే సడలింది.

కాల్షియం తగ్గిందో లేదో చూడ్డానికి డాక్టర్ సత్యశ్రీ ఆ చేతికి బీపీ పట్టీ కట్టి గాలి కొట్టి, కాసేపు అలాగే ఉంచింది. చెయ్యి మళ్ళీ ముద్ద పట్టేసింది. భయపడాల్సింది పోయి జేవియర్ వంగి వింతగా చూశాడు. ఆమె పట్టీ విప్పి, రక్తం తీయించి, రక్తనాళంలోకి కాల్షియం మెల్లగా ఎక్కించింది. ఏ మందులు వాడుతున్నారని అడిగింది. జేవియర్ చెబుతుంటే సుమ సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు డాక్టరు అసలు సంగతి చెప్పింది. థైరాయిడ్ వెనక బియ్యపు గింజలంత గ్రంథులు మామూలుగా నాలుగుంటాయట. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకల్లోంచి కొంత విడిపించేదీ, కిడ్నీ చేత విటమిన్ డీని పనికొచ్చేలా చేయించేదీ అవే. ఆపరేషన్‌లో ఒక్కోసారి అవీ దెబ్బతింటాయి. అప్పుడు ఆ తయారైన విటమిన్‌ని క్యాప్సూల్లో ఇవ్వాలి; జేవియర్ మానేసింది అదే.

"రొయ్య నీళ్ళలోంచే పీల్చేసుకుంటుందండి. మీ పేగుకి ఆ విటమిన్ వచ్చి గేటు తియ్యాలి. మీరు గేటు మూసేసి బస్తాలు దింపుతున్నారు."

జేవియర్ ఒప్పుకున్నాడు. అయినా లోపల ఏదో తొలుస్తూనే ఉంది.

"ఒకటడుగుతానండి. కండ బిగియాలంటే కాల్షియమే కావాలంటారు గదా. మరి తగ్గితే జారిపోవాలి గానీ, బిగుసుకోడం ఏంటండీ?"

డాక్టరు పెన్ను పక్కన పెట్టేసింది. కండకి కావలసిన కాల్షియం కండలోనే చిన్న గదుల్లో దాగుంటుందని చెప్పింది. నరం పిలిస్తే బయటికొస్తుంది, పీచులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మళ్ళీ గదుల్లోకి తోడేస్తే సడలుతాయి. రక్తంలో ఉన్నదాని పని వేరు. అది నరాల్ని అదుపులో పెడుతుంది. అది తగ్గితే నరం పనీపాటా లేకుండా పిలుస్తూనే ఉంటుంది. కండ పాపం, పిలిచినప్పుడల్లా పలుకుతుంది.

"అయితే తప్పు చేతిది కాదన్నమాట" అన్నాడు జేవియర్.

"చేతిది కాదు, నోటిది" అంది సుమ.

క్యాప్సూల్ మళ్ళీ మొదలెట్టి, రక్తపరీక్ష బాగుందన్నాక గట్టు మీదికెళ్ళాడు. మెట్టకూరు మనిషి గోపి వల భుజాన వేసుకుని ఉన్నాడు. జేవియర్ అడగలేదు, చెయ్యి చాపాడంతే. గోపి యజమాని వైపు చూసి వల ఇచ్చాడు.

జేవియర్ విసిరాడు. వల ఒక పక్క నలిగింది, పూర్తిగా విచ్చుకోలేదు. చెయ్యి మాత్రం వదిలింది. వీరభద్రరావు నీళ్ళ వైపు కాక, ఆ వేళ్ళ వైపే చూశాడు.

"ఇంకోటెయ్, జేవియరూ. గోపీ, నువ్వెళ్ళి మేత సంగతి చూడు."