ధైద్ ఇసుకలో నా కాలిపంపు

ధైద్ అవతల ఎర్ర ఇసుకదిబ్బల్లో కూరుకుపోయిన కారును ఒంటిచేత్తో బయటికి లాగినవాణ్ణి నేను. ఆ ఎడారిలోనే పుట్టిపెరిగిన బద్దూ పెద్దాయన ఒకాయన అది చూసి, ఇలాంటి మొనగాణ్ణి ఎరగనని నా భుజం తట్టాడు. ఈ మాట ఇప్పటికి యాభైమందికి చెప్పి ఉంటాను.

రెండువేల అయిదు ప్రాంతం. షార్జాకు గంట దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో మా ఆవిడ ఆసుపత్రి నర్సు, నేను ఒక గోదాములో స్టోర్‌కీపర్ని. రోడ్డు వదిలి లోపలికి వెళితే ఒక కొండ ఉందనీ, దాని రాళ్లలో సముద్రపు గవ్వలు ఉంటాయనీ ఎవరో చెప్పారు. శుక్రవారం పొద్దున్నే ఆవిణ్ణి బయల్దేరదీశాను.

"రెండింటికి డ్యూటీ. ఇంకొక్కసారి ఆలస్యమైతే చెల్లి పెళ్లికి సెలవివ్వనని మేట్రన్ చెప్పేసింది, గుర్తుందా?" అంది.

"పన్నెండుకల్లా ఇంట్లో ఉంటాం."

గవ్వలు నిజంగానే ఉన్నాయి. రాతిలో గోరంత గవ్వ. మా ఆవిడ దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. కోనసీమ మనిషి మరి. ఒంటెల్ని చూశాం, పులిహోర తిన్నాం. తిరుగుదారిలో నేను వచ్చిన బాట వదిలి దిబ్బల మీదుగా అడ్డంగా పోనిచ్చాను. పెద్ద పెద్ద బళ్లు అలాగే పోతున్నాయి. మాది పాత చిన్న కారు. వంద గజాలు పోయి కూర్చుంది.

దిగి చూస్తే టైర్లు ఇసుకలో నొక్కుకుపోయి కనిపించాయి. గాలి తగ్గిందనుకున్నాను. మన ఊరి నుంచి తెచ్చుకున్న కాలిపంపు డిక్కీలో ఉండనే ఉంది. కొట్టాను. గాలి కొట్టి కదిలించినకొద్దీ కారు ఇంకా దిగింది. ఒంటిగంట అయింది. మా ఆవిడ నా వైపు చూడటం మానేసి వాచీనే చూస్తోంది.

అప్పుడొక పికప్పు వచ్చి ఆగింది, వెనక మేకలు. ఆ బద్దూ పెద్దాయన దిగి, పంపును చూసి, నన్ను చూసి, "రఫీక్, హవా జ్యాదా హై" అన్నాడు, నేస్తం, గాలి ఎక్కువైంది అని. తాళంచెవి మొనతో నాలుగు టైర్లలోనూ గాలి సగం వదిలేశాడు. నా గంట కష్టం బుస్సుమని పోయింది. ఇసుకలో మెత్తటి టైరే నడుస్తుందట. తనే స్టీరింగు ముందు కూర్చుని, రెండు నిమిషాల్లో కారును తారురోడ్డు అంచుకు తెచ్చి, "ఖలాస్" అని దిగాడు.

అంటే నేను లాగలేదు, ఒప్పుకుంటున్నాను. భుజం తట్టడమూ కాదు, నవ్వాపుకోలేక ఆసరాకి పట్టుకున్నాడు. కానీ తారురోడ్డు మీద పోవాలంటే టైర్లకు మళ్లీ గాలి కావాలి కదా, అక్కడ నా పంపే పనికొచ్చింది. నాలుగు టైర్లకూ కొట్టి, రెండింటికి అయిదు నిమిషాల ముందే మా ఆవిణ్ణి ఆసుపత్రి గుమ్మంలో దింపాను. పెళ్లికీ వెళ్లొచ్చింది.

ఇంతవరకూ రాసింది ఆవిడకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు వలుస్తూ, తలెత్తకుండానే అంది:

"నన్ను దింపింది ఆ పెద్దాయనండీ. వెనక మేకలు, ముందు నేను. అప్పటికి మీరు ఇంకా రెండో టైరు దగ్గరే ఉన్నారు."