కింద నుంచి రెండో బందు

మా పెళ్ళయిన రెండో ఏడు అత్తయ్యగారూ మావయ్యగారూ కైకలూరు నుంచి ఏలూరులో మా ఫ్లాటుకి వచ్చేశారు. మావయ్యగారు ఇరవై ఏళ్ళు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేసిన మెకానిక్కు. నీళ్ళని చిలికి చెరువుకి గాలి అందించే చక్రాలవి. గట్టు మీద నిలబడి, పది చక్రాల హోరులో ఏ చక్రం బేరింగు ఎండిపోయిందో విని చెప్పేసేవారట. మోకాళ్ళు అరిగిపోయి పని మానేశారు.

మనిషి మహా మొహమాటస్తులు. నేనూ తక్కువదాన్ని కాదు. బళ్ళో నలభై మంది పిల్లల ముందు గొంతు చించుకుని లెక్కలు చెప్పేదాన్ని, ఇంట్లో ఆయన ఎదురైతే నోరు పెగిలేది కాదు.

"భోజనం వడ్డించమంటారా అండీ?"

"వడ్డించమ్మా."

రోజంతటికీ మా ఇద్దరి మధ్యా నడిచే సంభాషణ అంతే.

ఆ వేసవిలో ఆన్‌లైన్లో ఒక చెక్క బీరువా తెప్పించుకున్నాం. రెండు అట్టపెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే నేనూ మావారూ బొమ్మల కాగితం ముందేసుకుని సాయంత్రందాకా బిగించాం. చివరికి రెండు స్క్రూలు మిగిలాయి. "ఎక్కువ ఇచ్చుంటార్లే," అన్నారు మావారు.

నెల తిరక్కుండా కుడి తలుపు అరవడం మొదలుపెట్టింది. మామూలు కిర్రు కాదు, బాతు గొంతు పట్టుకుని పిసికినట్టు ఉండేది. బీరువా వెనక గోడకి అవతలే అత్తయ్యగారి వాళ్ళ గది. పొద్దున్నే బడికి చీర తీసుకోవాలంటే భయం. పెద్దాయనకి నిద్రాభంగం అవుతుందని ఊపిరి బిగబట్టి అంగుళం అంగుళం తెరిచేదాన్ని. మెల్లగా తెరిస్తే ఆ అరుపు తగ్గలేదు, పొడుగైంది. కొబ్బరినూనె రాశాను. అరుపు అలాగే ఉంది, చీమలు మాత్రం బారులు తీరి వచ్చాయి. మర్నాడు తొమ్మిదో తరగతిలో వర్గమూలాలు చెబుతుంటే జాకెట్లో ఒకటి కుట్టింది. నేను వేసిన గంతుకి పిల్లలు ఇప్పటికీ నవ్వుకుంటారు.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక రెండో శనివారం నాకు సెలవు. మావారు తాడేపల్లిగూడెంలో ఆఫీసుకి వెళ్ళారు. అత్తయ్యగారు గుండుగొలనులో చెల్లెలి ఇంటికి వెళ్ళారు. అటో ఇటో తేల్చేద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుని బీరువా ముందు నిలబడ్డాను. తలుపు పై మడతబందు విప్పబోతుంటే వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది.

"పైది కాదమ్మా. కింద నుంచి రెండోది."

తిరిగి చూస్తే మావయ్యగారు గది గుమ్మానికి అవతల, గోడవైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

"మీకెలా తెలుసండీ?"

"నాలుగు నెలల్నుంచీ వింటున్నాను కదమ్మా." ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకున్నారు. "బందు ఎండిపోయిందొకటి, స్క్రూ వదులై వంకరగా రాసుకుంటోందొకటి. రోజూ పొద్దున్నే చెబుదామనుకుంటాను. కొడుకూ కోడలూ ఉండే గది, నేనొచ్చి ఎలా చెప్పను?"

ఆయన నిద్ర పాడవుతోందని నేనూ, నా గదిలోకి ఎలా రావాలని ఆయనా! ఆ తలుపు మధ్యలో పడి నాలుగు నెలలు అరిచిందన్నమాట. నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదాలు కొరుక్కుని ఆపుకున్నాను.

ఆయన గుమ్మం దాటలేదు. హాల్లోంచి కుర్చీ తెచ్చుకుని గడప అవతల వేసుకుని కూర్చున్నారు. "ఎడమకి తిప్పమ్మా... చాలు చాలు... తలుపుకి చెయ్యి ఆనించు," అంటూ అక్కణ్ణించే చెబుతున్నారు. నేను ఆ రెండో బందు విప్పాను. మిగతావి కూడా అప్పటికే అంతంతమాత్రంగా ఉన్నాయేమో, టక్ టక్ టక్‌మని మూడూ ఊడొచ్చాయి. నా ఎత్తుకి మించిన తలుపు నా మీదికి వాలిపోయింది.

"మావయ్యగారండోయ్!"

నేనంత గట్టిగా అరవడం ఆయన వినడం అదే మొదలు. అరిగిన మోకాళ్ళతోనే ఒక్క అంగలో లోపలికొచ్చి తలుపు అటువైపు పట్టుకున్నారు. ఇద్దరం చెరోవైపు, మధ్యలో తలుపు. స్క్రూ ఒకటి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"వదలకమ్మా."

"మీరూ వదలకండి."

"ఇద్దరం వదలకపోతే సాయంత్రందాకా ఇలాగే ఉండాలేమోనమ్మా," అన్నారాయన చాలా గంభీరంగా.

అంతే, ఆపుకున్నదంతా బయటికొచ్చేసింది. నేను పగలబడి నవ్వుతుంటే తలుపు వణికింది. తలుపు వణుకుతుంటే ఆయన నవ్వారు. మావయ్యగారి నవ్వు అంతకుముందు వినలేదు నేను. ఎక్కిళ్ళలాగా, చిన్నపిల్లాడిలాగా నవ్వుతారు. ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చారు.

"ఏవండీ, ఏమైందండీ? ఎవరైనా పడిపోయారా?"

మమ్మల్ని చూసి ఆవిడా మొదలుపెట్టారు. ముగ్గురం కలిసి తలుపుని మంచం మీద పడుకోబెట్టాం. మావయ్యగారు స్క్రూ పీకిన చిల్లులు చూసి, ఇది రంపపు పొట్టు అతికించి చేసిన చెక్క కాబట్టి పట్టు వదిలేసిందన్నారు. అగ్గిపుల్లలకి జిగురు పూసి చిల్లుల్లో దిగ్గొట్టించారు నా చేత. ఎదురింటావిడ తెచ్చిన కుట్టుమిషను నూనె బందు కీలుకి ఒక్క చుక్క వేయించారు. "జిగురు ఆరాలి, రేపు బిగిద్దాం," అన్నారు.

"మా వంటింటి అలమర కూడా అరుస్తోందండీ," అన్నారు ఎదురింటావిడ.

మావయ్యగారు నావైపు చూశారు. నేను స్క్రూడ్రైవర్ వైపు చూశాను.

ఆవిడ అలమర పది నిమిషాల పని. అక్కణ్ణించి కింద ఫ్లాటులో చెప్పుల బీరువా, దాని పక్కింట్లో టీవీ బల్ల అర. ఆయన చెక్కకి చెవి ఆనించి వినడం, వేలితో చూపించడం. నేను విప్పడం, నూనె వేయడం. ఒకింట్లో నిమ్మకాయ మజ్జిగ, ఒకింట్లో జంతికలు. మెట్లు దిగేటప్పుడు ఆయన మోకాళ్ళు కిటకిటమంటే, "వీటికీ ఒక చుక్క వేద్దామాండీ?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన రెయిలింగు పట్టుకుని అక్కడే కూలబడి నవ్వారు.

సాయంత్రం అత్తయ్యగారు వచ్చేసరికి మా వాకిలి బార్లా తీసి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. మా మంచం మీద బీరువా తలుపు ఒకటి దిండు మీద తల పెట్టుకుని పడుకుని ఉంది. ఆవిడ చేతిలో సంచి అక్కడే పడేశారు. వెతుక్కుంటూ దిగితే, మొదటి అంతస్తులో ఒకరింట్లో ఏడుగురు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. మధ్యలో మావయ్యగారు కళ్ళు మూసుకుని బట్టల బీరువాకి చెవి ఆనించి వింటున్నారు. నేను టార్చి పట్టుకుని ఉన్నాను.

"ఏవండీ! ఇంట్లో తలుపుని మంచానపడేసి, ఊళ్ళో తలుపులకి వైద్యం చేస్తున్నారా?"

ఎవరూ ఆగలేకపోయారు. ఆవిడ కూడా నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున మావయ్యగారు గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా గదిలోకొచ్చారు. అత్తయ్యగారితో కలిపి ముగ్గురం పట్టుకుంటే తలుపు కుదురుగా బిగిసింది. మావారు నిద్రకళ్ళతో దాన్ని తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. చప్పుడు లేదు. "ఏం చేశారే దీన్ని?" అని నన్నడిగితే, మావయ్యగారే అందుకుని పావుగంటసేపు చెప్పారు. మావారు తండ్రి నోటినుంచి అన్ని మాటలు వినడం కూడా అదే మొదలనుకుంటాను, కాఫీ చల్లారిపోయిందని కూడా చూసుకోలేదు.

ఆ తరవాతి వారం మావయ్యగారూ నేనూ కైకలూరు బస్సెక్కాం. మంచి గ్రీజు అక్కడ ఒక్క కొట్లోనే దొరుకుతుందని ఆయన పట్టు. కిటికీ అవతల చెరువుల్లో చక్రాలు నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. బస్సు తలుపు గతుకు గతుక్కీ దడదడలాడుతోంది. ఆయన కాసేపు విని, నావైపు వంగారు.

"ఏమంటావమ్మా?"

"నట్టు లూజండీ."

"కాదు, వాషరు లేదు."

కొల్లేటి గాలికి జుట్టు ఎగిరిపోతుంటే దిగేదాకా వాదించుకున్నాం. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.